కొత్తకోటలో ఇరవై నిమిషాలు

సోమవారం ఉదయం 10:32.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు. తుంగా ఎయిర్‌లైన్స్ మెడికల్ రూమ్.

అఫ్రీన్ బ్రీత్ అనలైజర్ గొట్టం నోట్లో పెట్టుకుని ఊదింది. విమానం ఎక్కే ముందు సిబ్బంది అందరూ ఊదాల్సిందే. మూడేళ్లుగా ఆమె ఊదుతూనే ఉంది. ప్రతిసారీ సున్నాయే. పుట్టి బుద్ధెరిగి ఆమె మందు ముట్టలేదు.

తెర మీద అంకె వెలిగింది. 0.019.

డాక్టరు ఆమె మొహంలోకి చూశాడు. "నోరు పుక్కిలించండి. ఇరవై నిమిషాలాగి మళ్లీ చూద్దాం."

10:54. మళ్లీ అదే అంకె.

పదకొండు కాకముందే ఆమె ఐడీ కార్డు తీసేసుకున్నారు. 11:40 రాజమండ్రి విమానం ఆమె లేకుండానే ఎగిరింది. మధ్యాహ్నానికి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే వార్త. అఫ్రీన్ తాగి డ్యూటీకొచ్చింది.

పొద్దు గూకేలోపు ఆ వార్త గద్వాల చేరింది.

* * *

మంగళవారం ఉదయం 8:15. జోగులమ్మ ఇంటి తలుపు చప్పుడైంది.

జోగులమ్మ గద్వాలలోనే ఎస్సైగా చేసి నిరుడు రిటైరైంది. తలుపు తీస్తే ఎదురుగా అబ్దుల్ హమీద్. నేతగాళ్లకు జరీ అమ్మే దుకాణం ఆయనది. రెండిళ్ల అవతలే కాపురం. రాత్రంతా కునుకు లేని కళ్లు.

"అక్కా, నా బిడ్డను కొలువుకు పంపియ్యమని ఎవరన్నరు?"

"నేనే అన్న, హమీద్ భాయ్."

"మా బిడ్డ మాలతితో పాటే ఉంటది, నేను జిమ్మేదార్ అన్నది ఎవరు?"

"నేనే."

"ఇగ ఇప్పుడు చెప్పు. మసీదుల నా పక్కన నిలబడెటోడు కూడ నా దిక్కు జూస్తలేడు. చిన్నది నస్రీన్‌ను రేపటి సంది కాలేజీ మాన్పిస్తున్న. ఒక్కదాన్ని పంపి జూసిన. సాలు."

జోగులమ్మ తలుపు దగ్గరికేసింది. చెప్పులేసుకుని ఆయన వెంట నడిచింది.

అఫ్రీన్ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జోగులమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఆదివారం రాత్రి ఏం తిన్నవ్ బిడ్డా?"

"ప్రియ పెండ్లి భోజనమే పెద్దమ్మా." ప్రియ కూడా వాళ్ల ఎయిర్‌లైన్స్‌లోనే పని చేస్తుంది. నేతగాడు రామస్వామి కూతురు. పెళ్లికి సగం స్టాఫ్ గద్వాలకు దిగారు.

"తాగినవా ఏమన్న?"

"మజ్జిగ."

"సోమవారం పొద్దున?"

"6:30కి కారెక్కినం. నేను, మాలతి. డ్రైవర్ విజయ్. ఎర్రవల్లి చౌరస్తాల మా ఎయిర్‌పోర్టు దానిష్ ఎక్కిండు. మీరిచ్చిన కషాయం దప్ప ఇంకేం తాగలే."

కషాయం సంగతి జోగులమ్మకు గుర్తుంది. నిజమే. పెళ్లిలో పాటలు పాడీ పాడీ అఫ్రీన్ గొంతు పట్టేసింది. అల్లం, మిరియాలు, బెల్లం వేసి తెల్లవారుజామున కషాయం కాచి ఫ్లాస్కులో పోసిచ్చింది తానే. గిన్నెలో మిగిలినది తానూ తాగింది.

"ఎన్నిసార్లు తాగినవ్?"

"మూడుసార్లు. కారెక్కంగనే ఒకసారి. కొత్తకోటల చాయ్ కోసం ఆగినం, 7:35 నుంచి 7:55 దాక. అది దాటినంక ఒకసారి. షాద్‌నగర్ కాడ ఒకసారి."

"రుచి ఒక్క తీరుగనే ఉండెనా?"

"మొదలు తియ్యగ ఉండె. తర్వాత గొంతు మండింది. మిరియాలు అడుక్కు దిగినయేమో అనుకున్న."

జోగులమ్మ పాత అలవాటుగా చిన్న నోటుబుక్కు తీసింది. కొత్తకోట, 7:35 నుంచి 7:55 అని రాసి కింద గీత గీసింది. ఏం కలిపినా ఆ ఇరవై నిమిషాల్లోనే కలపాలి.

"కంపెనీ ఏమంటుంది?"

అఫ్రీన్ ఫోన్ చేతికిచ్చింది. కంపెనీ పంపిన నోటీసు. గురువారం ఉదయం 11 గంటలకు విచారణ. మీరు చెప్పిన కషాయం వాదన చెల్లదు. అదే ఫ్లాస్కులోంచి 9:30కి తానూ ఒక కప్పు తాగినట్టు మీ సహోద్యోగి మాలతి రాసిచ్చారు. ఆమె రీడింగ్ 0.000.

"మాలతి తాగంగ చూసినవా?"

"లేదు పెద్దమ్మా. షాద్‌నగర్ దాటంగనే నాకు నిద్ర పట్టింది. కానీ ఆమె మంచికే రాసి ఉంటది. కషాయం కాచింది మీరు గదా. మీ పేరు రావొద్దని రాసింది."

జోగులమ్మ తలూపింది. తన బిడ్డ అబద్ధం రాయదు. అయితే కషాయం మంచిదే. మరి ఈ పిల్ల రీడింగ్ ఎక్కడి నుంచి వచ్చింది?

"ఇంకో సంగతుంది పెద్దమ్మా," అంది అఫ్రీన్. "హైదరాబాద్ బేస్‌ల మనుషులను తగ్గిస్తున్నరు. మా బ్యాచ్‌ల ఒక్కరినే ఉంచి మిగిలినోళ్లను డిబ్రూగఢ్ పంపుతరు. అస్సాం దిక్కు. ఉండే పేరు నాదే అని గ్రూపుల వచ్చింది. శుక్రవారం లిస్టు. రిమార్క్ ఉన్నోళ్ల పేరు తీసేస్తరు."

"నీ మీద కోపమున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

అఫ్రీన్ తండ్రి వైపు చూసి తల దించుకుంది. "దానిష్ నన్ను చేసుకుంట అన్నడు. నేను వద్దన్న. రెండు నెలలైంది."

* * *

మంగళవారం మధ్యాహ్నం 12:20. ఇటిక్యాల.

దానిష్ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్లో పని చేస్తాడు. ఆ రోజు వీక్లీ ఆఫ్. సొంత ఊళ్లో మిర్చి కల్లం దగ్గర దొరికాడు.

"కొత్తకోటల ఏం చేసినవ్?"

"ఆడోళ్లిద్దరు హోటల్లకు పోయిన్రు. నేను కారు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడిన, మేడం."

"ఇరవై నిమిషాలు?"

"మా అన్నతోని. కావాలంటే కాల్ లిస్టు చూడుండ్రి."

చూసింది. 7:37 నుంచి 7:54. అబద్ధం లేదు. కానీ ఫోన్ మాట్లాడుతూ కూడా ఫ్లాస్కు మూత తీయొచ్చు.

"కారు కాడికి బయటోళ్లు ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వరు రాలే."

"అఫ్రీన్ వద్దన్నదని కోపమా?"

దానిష్ మొహం ఎర్రబడింది. "కోపం కాదు మేడం, బాధ. ఆమెకు గిట్ల జరిగిందని తెలిసి నిన్నటి సంది అన్నం దిగుతలేదు. నమ్మితే నమ్ముండ్రి."

జోగులమ్మ నమ్మలేదు. నమ్మకుండానూ ఉండలేకపోయింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇలాంటి మొహాల్లో నిజమైనవీ, నటించేవీ రెండూ చూసింది.

సాయంత్రం 4:40. గద్వాల ట్యాక్సీ స్టాండ్.

డ్రైవర్ విజయ్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కొత్తకోటల యాడున్నవ్ విజయ్?"

"వెనక టైరుల గాలి తక్కువుండె మేడం. ఎదురుంగ షాపోన్ని పిలుసుకొచ్చి కొట్టించిన."

"ఫ్లాస్కు?"

"వెనక సీటు మీద ఉండె. నాకేం తెల్వదు."

"సోమవారం సాయంత్రం ఫ్లాస్కు నా ఇంట్ల ఇచ్చిపోయింది నువ్వే గదా?"

"అవ్ మేడం. అమ్మాయిలు కారులనే మర్సిపోయిన్రు."

"కడిగి ఇచ్చినవ్. ఎందుకు?"

"ఊకెనే."

"ఐదేండ్ల సంది నీ కారు ఎక్కుతున్న. మర్సిపోయిన టిఫిన్ డబ్బాలు ఎన్నో తెచ్చిచ్చినవ్. ఒక్కనాడు కడిగి ఇయ్యలే. ఎందుకు కడిగినవ్?"

విజయ్ చుట్టూ చూశాడు. ఆమెను కారు వెనక్కు తీసుకెళ్లాడు.

"ఓనర్‌కు చెప్పకుండ్రి మేడం. కొలువు తీసేస్తడు. వాళ్లను దించి తిరిగొస్తుంటే దగ్గొచ్చింది. ఫ్లాస్కుల సగం కషాయముండె. తాగిన. షాద్‌నగర్ దాటినంక బాలానగర్ కాడ పోలీసోళ్లు ఆపి మిషన్ ఊదిపిచ్చిన్రు. నేను తాగనోన్ని మేడం, నా పిల్లల మీద ఒట్టు! ముప్పై దాటలేదని వదిలిపెట్టిన్రు. కానీ అందరి ముంగట తిట్టిన్రు. మిగిలింది పారబోసి కడిగేసిన."

"స్లిప్ ఇచ్చిండ్రా?"

పర్సులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. సోమవారం. 11:25. రీడింగ్ 22.

జోగులమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కారు డోరు తెరుచుకుని అంచు మీద కూర్చుండిపోయింది.

"మేడం? ఏమైంది?"

"జర నీళ్లియ్యి, విజయ్."

ఆ రాత్రి ఆమె కూతురికి ఫోన్ చేసింది. రేపు ఒక్కరోజు లీవు పెట్టి రా అంది. ఎందుకో చెప్పలేదు. మాలతి అడగలేదు కూడా. ఆ అడగకపోవడం తల్లిని మరింత బాధించింది.

* * *

బుధవారం సాయంత్రం 4:00. అబ్దుల్ హమీద్ ఇంటి ముందు గది.

హమీద్, అఫ్రీన్ దివాను మీద కూర్చున్నారు. దానిష్ కిటికీ దగ్గర. విజయ్ గుమ్మంలో నిలబడ్డాడు. మాలతి వచ్చీ రాగానే అఫ్రీన్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

జోగులమ్మ కూర్చోలేదు.

"కారుల నలుగురు," అని మొదలుపెట్టింది. "నేను ముగ్గురినే అడిగిన. నాలుగో మనిషిని అడగలే. నా సర్వీసుల ఏ కేసుల గిట్ల చెయ్యలే. తప్పు నాది."

ఆమె సంచిలోంచి విజయ్ ఇచ్చిన స్లిప్ తీసింది.

"ఫ్లాస్కుల ఏం లేదని కంపెనీ ఎందుకన్నది? మాలతి అండ్లదే తాగింది, సున్నా వచ్చింది. అందరం ఆ సున్నాను జూసి కషాయం మంచిదన్నం. నేను కూడ అన్న. కానీ అదే ఫ్లాస్కుల అడుగున ఉన్నది విజయ్ తాగిండు. పోలీసోళ్ల మిషన్ ఊదిండు. ఇరవై రెండు. కంపెనీ మిషన్ లెక్కల 0.022."

ఆమె స్లిప్‌ను టీపాయ్ మీద పెట్టింది.

"పైన తాగిన అఫ్రీన్‌కు వచ్చింది. అడుగున తాగిన విజయ్‌కు వచ్చింది. నడుమ తాగిన అన్న మనిషికి సున్నా ఎట్లొస్తది?"

మాలతి చేతిలోంచి అఫ్రీన్ చెయ్యి మెల్లగా జారింది.

"తాగలేదు గనుక వచ్చింది. మరి తాగిన అని ఎందుకు రాసింది? కషాయం మీద ఎవరికీ అనుమానం రావొద్దని. దానిష్, నువ్వు చెప్పు. కొత్తకోటల కారు కాడికి ఎవరు రాలేదా?"

"బయటోళ్లు ఎవ్వరు రాలే మేడం. మీరు బయటోళ్లనే అడిగిన్రు," అన్నాడు దానిష్. గొంతు సన్నబడింది. "మాలతి వచ్చింది. చున్నీ మర్సిపోయిన అన్నది. వెనక డోర్ తీసింది."

జోగులమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఏం కలిపినవ్?"

మాలతి నేల చూపులు చూసింది.

"వోడ్కా. పెండ్లినాడు లాడ్జిల మావోళ్లు తాగంగ మిగిలింది. సగం క్వార్టర్." తలెత్తకుండానే అంది. "మూడు నెల్ల సస్పెన్షనే గదా అనుకున్న. మల్ల వస్తది గదా అనుకున్న. లిస్టు దాటితే సాలు అనుకున్న. ఫ్లాస్కు నేనే పారబోద్దామంటే విజయ్ కారు తీస్కపోయిండు."

"ఎందుకే?" అఫ్రీన్ అడిగింది. గట్టిగా కూడా కాదు.

"ఒక్కనాడే చేరినం. ఒక్క గదిల ఉన్నం. నీ పేరు 'ఏ'తోని. నీ వెనకనే నాది, 'ఎం'తోని. అక్షరం ముంగట ఉన్నదని నీకు సీనియారిటీ ముందు. డ్యూటీ నీకు ముందు. ప్రమోషన్ నీకు ముందు. ఇప్పుడు హైదరాబాద్ నీకు, డిబ్రూగఢ్ నాకు. నేనేం తక్కువ చేసిన?" ఇప్పుడు తలెత్తి తల్లిని చూసింది. "ఇంట్ల అడిగితే నీకు చెప్తుంటి గదమ్మా. గిట్ల అందరి ముంగటనా?"

"ఆ పిల్ల పరువు అందరి ముంగట పోయింది," అంది జోగులమ్మ. "అందరి ముంగట్నే తిరిగి రావాలె."

సంచిలోంచి తెల్ల కాగితాలు, పెన్ను తీసి కూతురి ముందు పెట్టింది. మాలతి రాసింది. మూడు పేజీలు. సాక్షి సంతకాల దగ్గర మొదటి సంతకం జోగులమ్మదే.

హమీద్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. లోపలి గది గుమ్మంలో నస్రీన్ నిలబడి అంతా విన్నది. ఆయన ఆ పిల్లను చూసి, "పొద్దున కాలేజీకి టైముకు తయారై ఉండు," అన్నాడు. అంతే.

* * *

గురువారం విచారణ మూడు గంటలు నడిచింది. మాలతి స్టేట్‌మెంట్, విజయ్ స్లిప్ రెండూ కమిటీ ముందుకు వెళ్లాయి. అఫ్రీన్ సస్పెన్షన్ రద్దయింది. మాలతిది మొదలైంది. కొత్తకోట పోలీస్ స్టేషన్‌కు వెళ్లిన ఫిర్యాదు అఫ్రీన్ పేరు మీదున్నా, రాసింది జోగులమ్మే. శుక్రవారం లిస్టులో హైదరాబాద్ పక్కన అఫ్రీన్ పేరు వచ్చింది. సోమవారం తిట్టిన గ్రూపులోనే నలభై మంది పూలగుత్తులు పంపారు.

శనివారం ఉదయం 9:00కి అఫ్రీన్ జోగులమ్మ ఇంటికొచ్చింది.

"పెద్దమ్మా, నేను డిబ్రూగఢ్ అడిగిన. ఇచ్చిన్రు."

జోగులమ్మ ఆశ్చర్యపోయింది. "లిస్టుల నీ పేరు వచ్చె గదా బిడ్డా! ఇంత కొట్లాడింది దానికోసమే గదా?"

"కొట్లాడింది తాగలేదని చెప్పెటందుకు. ఆ గదిల మల్ల పండలేను పెద్దమ్మా. రెండు మంచాలుంటయి అండ్ల." ఆమె అక్కడే కుర్చీలో కూర్చుంది. "ఒక్కటి అడగాల్నని వచ్చిన. మొన్న వానకాలం నాకు డెంగీ వచ్చింది. అబ్బాకు చెప్పలే, పరేషాన్ అయితడని. తొమ్మిది రోజులు దవాఖానల నా కాడ ఉన్నది మాలతే. జావ కాసి చెంచాతో తాగిపిచ్చింది. లీవు లేకపోతే జీతం కట్ చేయించుకున్నది. అప్పుడు కూడ మా పేర్లు గవే. అక్షరాలు గవే."

జోగులమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది నిజమేనా పెద్దమ్మా? ఇది చేసిన మనిషే అది చేసిందా? మీరు మస్తు మందిని చూసిన్రు. చెప్పుండ్రి."

ముప్పై నాలుగేళ్లు జోగులమ్మ ఇతరులను ప్రశ్నలడిగింది. ఎవరి నోట్లోంచైనా జవాబు తీసింది. ఇప్పుడు ఆ పిల్ల తననే అడుగుతోంది. లోపలి గదిలో మాలతి మంచం ఖాళీగా ఉంది. నిన్న సాయంత్రం బట్టలు సర్దుకుని ఎక్కడికి పోతుందో చెప్పకుండా వెళ్లిపోయింది.

"తెల్వదు బిడ్డా," అంది చివరికి. "నేను కన్నదే. అయినా తెల్వదు."