నూనె ఇసుక మీద దారి

జ్యోతిరాణి భర్త బ్యాగు సర్దుతోంది. రెండు చొక్కాలు, తువ్వాలు, బీపీ మాత్రలు, కాగితంలో చుట్టిన సకినాలు పెట్టింది. గోడకు ఆనించిన గోల్ఫ్ కర్రను అందుకోబోతే భానుప్రసాద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది నేను చేత పట్టుకపోత. అసలు గది నాది కాదు."

"నీది కాకుంటే ఎవలిది?"

"ఎవడో మార్చిండు. కరీంనగర్‌ల సరళాదేవి అని డిటెక్టివ్ మేడం ఉన్నదట. ఆమెకు చూపిస్త."

ఆమె జిప్ వేసి, బ్యాగు తలుపు దగ్గర పెట్టింది.

టవర్ సర్కిల్ దగ్గర మందుల షాపు పైన సరళాదేవి ఆఫీసు. మధ్యాహ్నానికి భానుప్రసాద్ ఆమె ఎదుట కూర్చుని ఉన్నాడు. సహాయకురాలు నిఖిత మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకున్నాడే కాని తాగలేదు. బెల్లంపల్లి గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. ఒక ప్రమాదంలో కుడి చెవికి వినికిడి పోయింది. ఉద్యోగం ముందే వదులుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి గోల్ఫ్ కర్రలు తయారు చేస్తున్నాడు.

"చివర్న బంతిని గుంటలకు దొర్లించే కర్ర మేడం ఇది. మామూలు కర్రతోని బంతికి నడుమ తగలకుంటే కర్ర మొహం తిరుగుతది, బంతి పక్కకు పోతది. అందుకే నేను టేకు దిమ్మ నడుమ బరువు తీసేసిన. రెండు చివర్లకు ఉక్కు ముక్కలు దించిన. ఇగ ఎక్కడ తగిలినా మొహం తిరగొద్దు."

"తిరగలేదా?"

"బెల్లంపల్లిల కొట్టింది కొట్టినట్టు గుంటల పడ్డది. పోయిన నెల హైదరాబాద్‌ల ఆటసామాన్లు చేసేటోళ్ళ ముందర కొడితే ఒక్కటి పడలే. ముందురోజు కర్ర సంతోష్‌రావు కారులనే ఉండె. ఆయన నా భాగస్తుడు. ఆయనే మార్చిండు."

"తప్పిన బంతులు ఎటు పోయాయి?"

"ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ఇంత అని లేదు."

సరళాదేవి కర్రను తిప్పి, అడుగుభాగాన్ని భూతద్దంతో చూసింది. టేకు పోగుల్లోకి నల్లగా నూనె ఇంకిపోయి ఉంది. గోటితో గీకినా రాలేదు. నిఖితకూ చూపించింది.

"బెల్లంపల్లిలో ఎప్పుడూ తప్పలేదా?"

"వానాకాలంల కొన్ని దినాలు తప్పింది. మా ఆమె చెల్లె కాన్పుకని మంచిర్యాల పోయింది అప్పుడు. ఇసుక తేమకు గట్టిపడ్డదనుకున్న." అతను గ్లాసు బల్లమీద పెట్టాడు. "సోమవారం మళ్ళ రమ్మన్నరు మేడం. ఇదే ఆఖరు. నా అసలు కర్ర దొరకాలె. లేకుంటే మళ్ళ మంచంల పండుకునుడే."

మర్నాడు సరళాదేవి, నిఖిత మెట్‌పల్లి వెళ్ళారు. సంతోష్‌రావు కల్లంలో పసుపు ఆరబోయిస్తున్నాడు. విషయం వినగానే తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నేను మార్చిన్నా? మార్చాలంటే గసొంటిది ఇంకోటి ఉండాలె కదమ్మా. నాకు పసుపు తెలుసు. గా కర్ర ఏ దిక్కు పట్టుకోవాల్నో కూడా ఆయనే చెప్పిండు."

"తెలియని పనిలో భాగస్తులెట్లా అయ్యారు?"

"బెల్లంపల్లిల కండ్లార చూసిన. బంతిని ఎవలో గుంజుకపోతున్నట్టు పోయింది. మీరు చూసినా చేరుదురు." "కేసు పెడ్తా అంటుండట నామీద. పెట్టుమనుండ్రి. అంత దోస్తానా చేసినంక ఇగ ఏం మాట్లాడాలె?"

కారులో నిఖిత ఆగలేకపోయింది. "ఈయన అబద్ధం చెప్తున్నట్టు లేదు మేడం."

"కర్ర కూడా చెప్పడం లేదు. ఆ నూనె బెల్లంపల్లి మైదానంలో నెలల తరబడి ఇంకినది. నకలు చేసిన కర్రకు అది రాదు. పైగా బరువు మార్చి చెడగొడితే బంతి ఎప్పుడూ ఒకే వైపు పోవాలి. ఇది రెండు వైపులా పోయింది. అంటే హైదరాబాద్‌లో ఏమీ జరగలేదు. జరిగిందేదో బెల్లంపల్లిలోనే."



శనివారం ఉదయం భార్యాభర్తలనూ సంతోష్‌రావునూ సరళాదేవి బెల్లంపల్లిలోని పాత ఆఫీసర్ల మైదానానికి రప్పించింది. అక్కడ గుంట చుట్టూ పచ్చిక ఉండదు. ఇసుకలో కాలిన ఇంజన్ ఆయిల్ కలిపి గుండ్రంగా పరిచారు. దాని మీద నడిస్తే అడుగులు పడతాయి. అందుకని బంతి కొట్టే ముందు, ఇనుప పైపుకు చుట్టిన గోనెపట్టాను బంతి దగ్గర నుంచి గుంట దాకా లాగి చదును చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. షెడ్డులో అందరూ వాడే పట్టా ఒకటి వేలాడుతోంది. జ్యోతిరాణి మాత్రం ఇంటి నుంచి తమ పట్టా తెచ్చింది. దాని నడుమ భాగం నల్లగా ఉంది. రెండు అంచులు ఇంకా గోనె రంగులోనే ఉన్నాయి.

"ఎప్పుడూ మీరే లాగుతారా అమ్మా?" సరళాదేవి అడిగింది.

"నేనే. గీయన పని కదా."

"ఒకసారి లాగండి."

ఆమె లాగింది. సరళాదేవి నిఖిత చేతికి గొడుగు ఇచ్చింది. "దీంతో కొట్టు."

"గొడుగుతోనా? నేను క్యారమ్స్ కూడా సరిగ ఆడను మేడం!"

గొడుగు పిడితో బంతిని తోసింది. బంతి వంకరగా బయలుదేరి, నడుమకు వచ్చి, గుంటలో పడింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పడింది. సంతోష్‌రావు నోరు తెరిచాడు. భానుప్రసాద్ ఇసుకకేసి చూస్తున్నాడు.

సరళాదేవి షెడ్డులోని పట్టా తెచ్చి పక్కన ఇంకో దారి లాగింది. "ఇప్పుడు మీ కర్రతో కొట్టండి."

భానుప్రసాద్ కొట్టాడు. కొన్ని పడ్డాయి. ఎక్కువ తప్పాయి. నిఖిత గొడుగుతో కొడితే ఒక్కటీ పడలేదు.

"కర్ర ఎవరూ మార్చలేదు. సంతోష్‌రావు గారి తప్పేమీ లేదు," అంది సరళాదేవి. "మీ కర్ర మంచిదే. గొడుగు కంటే చాలా మంచిది. మంత్రం మాత్రం కాదు. బంతి పోయింది మీ కర్ర వల్ల కాదు, ఈ దారి వల్ల. నడుమ కంటికి కనపడనంత లోతు ఉంది. ఎటు కొట్టినా బంతి అందులోకి జారుతుంది. వానాకాలంలో తప్పింది తేమ వల్ల కాదు. పట్టా లాగే మనిషి ఊళ్ళో లేదు."

ఆమె జ్యోతిరాణి పట్టాను ఒళ్ళోకి తీసుకుని నడుమ కుట్టు విప్పింది. నడుమ ఇసుకను నొక్కేందుకు బరువుగా కుట్టిపెట్టిన బోల్టులు, నట్లు లోపలి నుంచి రాలాయి. భానుప్రసాద్ ఒకటి ఎత్తి చూశాడు. అతని పనిముట్ల డబ్బాలోవే.

"ఎందుకమ్మా?" సరళాదేవి మెల్లగా అడిగింది.

జ్యోతిరాణి భర్తను చూడకుండా చెప్పింది. "చెవి పోయినంక గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. మాట లేదు. గీ కర్ర పట్టుకున్నంకనే లేసిండు. బంతి తప్పిననాడు అన్నం ముట్టకపోతుండె. పడ్డనాడు తినేటోడు. నన్ను పేరు పెట్టి పిల్చేటోడు. ఒక్కపారి చేసిన. ఇగ ఆపుదామంటే ఆపరాలే. రావు సాబ్‌ను పిలుస్తడని, గంత దూరం పోతడని నాకేం తెలుసు?"

"రావు సాబ్," అన్నాడు భానుప్రసాద్. "మాఫ్ చెయ్యి."

"ఏం ఫికర్ చెయ్యకు ప్రసాదూ," అన్నాడు సంతోష్‌రావు. సరళాదేవి సైగ చేస్తే నిఖిత గొడుగు తీసుకుని పక్కకు జరిగింది.

భానుప్రసాద్ భార్య వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. సామాను ధర అడిగినట్టు అడిగాడు.

"ఇంకేమేం చేసినవ్?"

"అంటే?"

"బాగున్నదన్న కూర, బాగైతున్నదన్న చెవి. డాక్టర్ చెప్పిండంటివి. గవ్విట్ల నిజమేది?"

జ్యోతిరాణి వంగి, రాలిన నట్లు ఏరసాగింది.

"కొన్ని దినాలు మీ చెల్లె ఇంట్ల ఉండు," అన్నాడు.

"ఎన్ని దినాలు?"

"ఏమో."

ఆమె చేతికంటిన నల్లనూనెను చెంగుతో తుడుచుకుంది. సంతోష్‌రావు కారులో దింపుతానంటే వద్దంది. రోడ్డు మీదికి నడిచి వెళ్ళి మంచిర్యాల బస్సెక్కింది.

సోమవారం హైదరాబాద్‌కు ఎవరూ వెళ్ళలేదు.

జ్యోతిరాణి బెల్లంపల్లి నుంచి వెళ్ళింది ఆ శనివారమే, 2023 ఫిబ్రవరి పదకొండున. మళ్ళీ రాలేదు.