అయస్కాంతం ఇంకా తేలుతూనే ఉంది

నాకు అన్నిటికన్నా భయం నిశ్శబ్దం అంటే. పక్కగదిలో పాప నిద్రపోతూ ఉంటుంది. ఊపిరి వినపడదు. చేతిలో పని వదిలేసి పరిగెత్తుతాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఈ కథ ఆ భయంలోంచే వచ్చింది.

ల్యాబ్ నేల మీద ఒక స్త్రీ పడి ఉంది.

తెల్లకోటు. ఒక చేతికే గ్లవ్. పక్కన సగం చుట్టిన వైర్లు. ముఖంలో బాధ లేదు. కాసేపు కునుకు తీస్తున్నట్టుంది.

ఆమె ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి నాలుగుంపావు. ఆవిడ గుమ్మంలోనే ఆగింది. చిన్న గది. కిటికీలకు నల్లతెరలు. గోడమీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయి ఉంది.

"ముందు కిటికీలన్నీ తెరవండి."

డాక్టర్ వంగి చూశాడు. "దెబ్బల్లేవు. ప్రాణం పోయి రెండు గంటలవుతుంది."

వాచ్‌మన్ వరండాలోనే ఆగిపోయాడు.

"నేను లోపలికి రానమ్మా. అక్కడేదో ఉంది."

"ఏముంది?"

"నాలుగింటికి తలుపు తీశాను. ఆ తల్లి కింద పడుంది. బల్లమీద ఓ బిళ్ల గాల్లో తేలుతోంది! పైన తాడు లేదు, కింద ఆధారం లేదు. చుట్టూ తెల్లటి పొగ. నావైపే మెల్లగా తిరిగిందమ్మా!"

"అప్పుడేం చేశావ్?"

"తలుపేసి పరుగే పరుగు."

"నిన్ను పెట్టింది కాపలాకా, పరుగుపందేనికా?" అన్నాడు కానిస్టేబుల్. అన్నాడే గాని అతనూ బల్ల దగ్గరికి వెళ్లలేదు.

బల్లమీద ఒక ఫ్లాస్కు, పక్కన థర్మోకోల్ ట్రే. అందులో నల్లటి బిళ్ల. దానిమీద చిన్న అయస్కాంతం. ఇప్పుడు కదలకుండా కూర్చుని ఉంది.

ప్రొఫెసర్ వచ్చాడు. కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

"దెయ్యం కాదండీ. ఆ నల్లది సూపర్‌కండక్టర్. లిక్విడ్ నైట్రోజన్ పోసి బాగా చల్లబరిస్తే అయస్కాంతాన్ని గాల్లో నిలబెడుతుంది. ఇవాళ దానిమీదే వీడియో తీశాం."

"ఎంతసేపు తేలుతుంది?"

"నైట్రోజన్ ఆవిరైపోగానే వేడెక్కి పడిపోతుంది. మహా అయితే పది నిమిషాలు."

"మీరెప్పుడు వెళ్లారు?"

"ఒకటిన్నరకి. సర్దేసి వెళ్తానంది."

"ఈవిడ పోయింది రెండింటికి. అయస్కాంతం నాలుగింటికి తేలుతోంది. మరి నైట్రోజన్ పోసిందెవరు?"

అందరి చూపూ ఆ గ్లవ్ లేని చేతిమీద పడింది.

"నేను కాదు. ఒట్టు," అన్నాడు ప్రొఫెసర్.

సరిగ్గా అప్పుడు తెల్లకోటు జేబులో ఫోన్ మోగింది. కానిస్టేబుల్ ఎగిరిపడ్డాడు. తెరమీద 'అత్తయ్య' అని ఉంది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఎత్తింది.

"ఏమ్మా, పాప నీ దగ్గరికే వచ్చిందా? స్కూలు వదిలి ఎంతసేపయిందో! పొద్దున కూడా సరిగ్గా తినలేదు. ఏదన్నా పెట్టు దానికి."

ఇన్‌స్పెక్టర్ నేలమీదున్న ఆవిడ వైపు చూసింది.

"అమ్మాయ్, వినపడుతోందా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పక్కన పెట్టి వాచ్‌మన్ వైపు తిరిగింది. "పాప ఇక్కడికి వస్తుంటుందా?"

"అప్పుడప్పుడు... వెనక గేట్లోంచి. సారు కంట పడకుండా దాచేదమ్మా. పిల్లల్ని తేకూడదని రూలు కదా."

ఇన్‌స్పెక్టర్ బల్లవైపు చూసింది. దానికి ఆనించి ఒక స్టూల్. స్టూల్ పక్కన రెండో గ్లవ్.

"ఈ బల్ల నా నడుందాకా ఉంది. పెద్దవాళ్లకి స్టూలెందుకు?"

సమాధానం కోసం ఆగలేదు. సింక్ కింద అరమర దగ్గరికి ఒక్క దూకు దూకింది. తలుపు లాగింది.

లోపల సీసాల మధ్య ముడుచుకుని ఏడేళ్ల పిల్ల. గుండెలకు హత్తుకున్న స్కూల్ బ్యాగ్. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది.

ఏమీ లేదు.

కాసేపటికి సన్నగా, వెచ్చగా ఏదో తగిలింది. "డాక్టర్, ఆక్సిజన్!"

పాప దగ్గి కళ్లు తెరిచింది.

"వాచ్‌మన్ మామయ్య చూస్తే సార్‌కి చెప్తాడని దాక్కున్నా. అమ్మ నిద్రపోతోంది. లేపలేదు. అమ్మ నేర్పించినట్టే ఫ్లాస్కులోది నేనే పోసుకుని ఆడుకున్నా. చప్పుడు కూడా చెయ్యలేదు."

అటూ ఇటూ చూసి అడిగింది. "అమ్మ లేచిందా?"

పాపని అంబులెన్స్ ఎక్కించాక ఇన్‌స్పెక్టర్ ప్రొఫెసర్‌ని ల్యాబ్‌లోకి పిలిచింది.

"ఫ్యాన్ ఎవరు కట్టేశారు?"

"దాని మోత వీడియోలో పడుతోందని... నేనే. మళ్లీ వెయ్యమని చెప్పడం మర్చిపోయాను."

"పెద్ద క్యాన్‌లో మిగిలిన నైట్రోజన్ ఏం చేస్తారు?"

"నేలమీద పారబోస్తాం. దుమ్ము కొట్టుకుపోతుంది. రోజూ అంతే."

"రోజూ ఫ్యాన్ తిరుగుతుంది. ఇవాళ తిరగలేదు. నైట్రోజన్ ఆవిరై గదిలో గాలిని నెట్టేసింది. వాసన రాదు, గొంతు పట్టదు. వంగి నేలమీద వైర్లు తీస్తూ ఈవిడ అలాగే ఒరిగిపోయింది. పాప వచ్చేసరికి గాలి కొంత తేరుకుంది. తను పోసుకున్న నైట్రోజన్ చల్లటి ఆవిరి కిందికే దిగుతుంది. స్టూల్ ఎక్కింది గనక పాప బతికింది. దాక్కోడానికి కిందికి దిగడంతో మళ్లీ అందులోనే మునిగింది."

ప్రొఫెసర్ వెళ్లి ఫ్యాన్ స్విచ్ వేశాడు.

పాప ఇప్పుడు నానమ్మ దగ్గర పడుకుంటోంది. మధ్యమధ్యలో లేచి ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే కుదిపి లేపుతుంది. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మీ ఇంట్లో కూడా తలుపు దగ్గరగా వేసుకుని ఎవరైనా పడుకుని ఉంటే, నిద్ర పాడవుతుందేమో అని మొహమాటపడకండి. పుస్తకం పక్కన పెట్టి, ఒక్కసారి వెళ్లి చూసి రండి.