తలకట్టు మీద తుప్పు

"ఇది తుప్పు కాదండీ. టీ ఒలికినట్టుంది," అంది మానస.

ఎజ్రా మౌస్ వదిలేశాడు. ఆకివీడు బస్టాండు ఎదుట ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఇన్నాళ్లూ అందరికీ బంగారు అక్షరాలే చేసిపెట్టాడు. తుప్పు పట్టిన ఇనప అక్షరాలు కావాలన్నది ఈ అమ్మాయి ఒక్కతే. పొద్దుట్నించీ ఫోటోషాప్‌తో కుస్తీ పడుతున్నాడు. అంచులు లేపాడు, గరుకు చల్లాడు, ఎర్రమట్టి రంగు పూశాడు.

"ఇంకేం కావాలండీ?"

"'మందిరం'లో ఈ రెండు సున్నాలూ చూడండి. రెండిటికీ ఒకేచోట చిల్లు. కవలపిల్లల్లా ఉన్నాయి."

ఒకటి చేసి రెండోది కాపీ కొట్టిన సంగతి దొరికిపోయింది. ఎజ్రా చెవులు ఎర్రబడ్డాయి.

"అంత దగ్గరగా ఎవరు చూస్తారండీ?"

"మా తాత చూస్తాడు."

అప్పుడు చెప్పింది. కొల్లేటి ఒడ్డున వాళ్ల ఊరి చర్చికి 'ప్రార్థనా మందిరం' అన్న అక్షరాలు చేసింది వాళ్ల తాత వరదానమే. కొలిమి పని ఆయనది. డ్రమ్ము రేకు కత్తిరించి, ఒక్కో తలకట్టూ విడిగా అతికించాడు. మొన్న గాలికి రెండు ఊడిపడితే, పెద్దలు అన్నీ దింపించి వెనక గోడకి ఆనించారు. యాభయ్యేళ్ల పండగకి ఫ్లెక్సీ కడదామన్నారు. ఆ పని మానసకే అప్పగించారు. అక్షరాలు దింపిన నాటి నుంచి తాత చర్చి మెట్టెక్కలేదు.

"పండగకి ఆయన రాకపోతే నేనూ వెళ్లనండి." లేచి నిలబడింది. "పదండి, అసలువి చూపిస్తాను."

"వానొస్తోందండీ."

"రానివ్వండి. గొడుగుంది."

షాపు కెమెరాని కవర్లో చుట్టుకుని షేర్ ఆటో ఎక్కాడు ఎజ్రా.

చర్చి వెనక నడుమెత్తు అక్షరాలు వరసగా నిలబడి తడుస్తున్నాయి. నీళ్లు ఒంపుల వెంట జారి, తలకట్టు అతికిన సందులో కాసేపు ఆగి, ఎర్రబడి, సన్నటి చారలై దిగుతున్నాయి. ఒక చారలాగా ఇంకోటి లేదు. సరస్సు గాలి తగిలిన వైపు తుప్పు పొరలు పొరలుగా లేచింది. రెండో వైపు ఇనుము ఇంకా నల్లగా, నున్నగా ఉంది. ఇన్నేళ్లూ వాన తీరిగ్గా కూర్చుని గీసిన బొమ్మలా ఉంది. ఎజ్రా కెమెరా కవరు విప్పడం మరిచిపోయాడు.

"ఏవండీ, ఫోటో తీయరా?"

"తీస్తానండి. కాసేపు చూడనివ్వండి."

గొడుగు మెల్లగా కెమెరా మీదికి జరిగింది. మానస భుజం ఒకటి పూర్తిగా తడిసిపోయింది.

"మీరు తడుస్తున్నారండీ."

"నేను తుప్పు పట్టనులెండి."

ఆ తర్వాత ఎజ్రా ఏ అక్షరం ఫోటోని ఆ అక్షరంలోకే దించాడు. లేయరు మీద లేయరు వేశాడు. మానస రోజూ వచ్చి పక్క కుర్చీలో కూర్చునేది. చివరి సున్నా పూర్తయిన రోజున తెర మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"పనైపోయిందండీ," అన్నాడు ఎజ్రా.

"అయితే రేపట్నించి రావద్దా?"

"రావాలండి." అంతకన్నా చెప్పడం అతనికి చేతకాలేదు. ఆమె నవ్వింది.

పండగనాడు ఫ్లెక్సీని చర్చి వరండా గోడకి కట్టారు. మానస బతిమాలి బతిమాలి తాతని గేటు దాకా నడిపించుకొచ్చింది. ముసలాయన ముందు తల తిప్పుకున్నాడు. తర్వాత చూశాడు. చూస్తూ చూస్తూ నడిచాడు. మెట్లెక్కుతున్నానన్న స్పృహ కూడా ఉన్నట్టు లేదు. మొదటి తలకట్టు మీద బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. మళ్లీ రుద్ది, మళ్లీ చూసుకున్నాడు.

"నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడే పట్టింది," అన్నాడు నెమ్మదిగా. "ఎవరు చేశారమ్మా?"

"చేసింది మీరేనండి," అన్నాడు ఎజ్రా. "నేను ఫోటోలు తీశాను. గొడుగు ఈవిడ పట్టారు."

ముసలాయన అతన్నీ, నేలచూపులు చూస్తున్న మనవరాలినీ మార్చి మార్చి చూశాడు. లోపల పాట మొదలైంది. చెప్పులు గుమ్మం పక్కన విడిచాడు.

"ఆదివారం మీ నాన్నగార్ని తీసుకుని ఇంటికి రా బాబూ," అన్నాడు లోపలికి వెళ్తూ. "పెళ్లి ఫ్లెక్సీకి మాత్రం తుప్పు పట్టించకు."