సముద్రాన్ని చూడని మనిషి

జూన్ నెల, సాయంకాలం ఆరు. హోసూరులో ఎండ దిగిపోయి, చల్లటి గాలి వీధిలోకి వచ్చి కూర్చుంది. భువన కూడా అద్దె ఇంటి గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక పళ్ళెం. పళ్ళెంలో గుప్పెడు కల్లుప్పు, ఏడు ఎండుమిరపకాయలు, చిటికెడు ఆవాలు.

మేనత్త కూతురు ప్రేమ ఆఫ్రికా నుంచి వస్తూ ఉంది. అంత దూరం పోయొచ్చిన పిల్లకి గడపలోనే దిష్టి తీయకపోతే ఎట్లా?

ఇంతవరకూ అంతా సబబే. చిక్కల్లా ఒక్కటే. ఆ పిల్ల మీద అందరికంటే పెద్ద కన్ను వేసిందెవరని విచారిస్తే, పళ్ళెం పట్టుకున్న మనిషే ముందు చెయ్యెత్తాలి.

పాపం, భువనని ఊరికే అనకూడదు. ఆ ప్రయాణం ఇద్దరిదీ. తళ్ళి రోడ్డు పక్కన గులాబీల తోటలో, పూలు కట్టలు కట్టే షెడ్డులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి పని చేస్తారు, ఈ అద్దె ఇంట్లోనే కలిసి ఉంటారు. పెట్టెల మీద దేశదేశాల పేర్లు అతికించీ అతికించీ, "పూలకేనా అప్పా విమానం, మనకి లేదా?" అని మొదట అన్నది భువనే. దుబాయి వద్దు, సింగపూరు వద్దు అని, ఎవరూ పాడు చేయని సముద్రం కోసం ఫోనులో వెతికి వెతికి పడమటి ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అనే దేశాన్ని పట్టిందీ భువనే. అడవి కొండ దిగి నేరుగా ఇసుకలోకి వచ్చేసే చోటు. హోటళ్ళు లేవు. ఊరివాళ్ళు కట్టిన నాలుగు గుడిసెలు, వాళ్ళు పట్టిన చేప, వాళ్ళు వండిన అన్నం. నాలుగేండ్లు ఇద్దరూ కలిసి కన్న కల అది. పాస్‌పోర్టుల పని మీద కృష్ణగిరికి ఒకే బస్సులో పోయినారు, ఒకే సీట్లో కూర్చుని వచ్చినారు.

ఆ దేశానికి పోవాలంటే పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, సూది తప్పనిసరి. బెంగళూరులో డాక్టరమ్మ సూది చేత పట్టుకుని అడిగింది: "గుడ్డు తింటే ఒంటికి ఏమైనా అవుతుందా?"

అవుతుంది. భువన గుడ్డు తింటే మొహం బూరెలాగా పొంగుతుంది, ఊపిరి ఆడదు. డాక్టరమ్మ సూది కింద పెట్టేసింది. ఆ మందు గుడ్డులోనే తయారవుతుందట. సముద్రాలు ఆపలేదు, ఆఫీసులు ఆపలేదు. భువనని ఒక కోడిగుడ్డు ఆపింది.

"నేనూ పోనులే వదినా," అంది ప్రేమ.

"పోవే పిచ్చిదానా. నువ్వు చూస్తే నేను చూసినట్టే," అంది భువన.

నోరు ఆ మాట అంది. కడుపు వేరే మాట అంది.

ప్రేమ పోయిన పది రోజులూ భువన కళ్ళలో నిప్పులు పోసుకుంది. పని నుంచి రాగానే ఫోను ముక్కుకు ఆనించుకుని పడుకోవడం, వచ్చిన ప్రతి ఫోటోనీ రెండు వేళ్ళతో సాగదీయడం. నీళ్ళు, కొండ, పడవలు చూసేది కాదు. ప్రేమ మొహం చూసేది. ఎంత నవ్వుతూ ఉంది? తను లేకుండా కూడా అంత నవ్వు వస్తుందా? పైగా ఆ ఊరి పేరు పది మందికీ తెలిస్తే జనం ఎగబడి చెత్త చేస్తారని ప్రేమ ఫోటోల కింద పేరు కూడా రాయలేదు. పది మందిలో తనూ ఒకతా? భువన రెప్ప వేయకుండా చూసేది. చూసీ చూసీ అలాగే నిద్రపోయేది. లేచేసరికి ఒళ్ళంతా ఈత కొట్టినట్టు అలసట. పెదవుల మీద ఉప్పు.

ఆటో వచ్చి ఆగింది.

"వదినా!" ఎండకు నల్లబడి, చిక్కి, అయినా నవ్వుతూనే ప్రేమ దిగింది. "బ్యాగు జాగ్రత్త. సగం చెత్తే. నేను తీసుకుపోయిన ప్రతి కవరూ వెనక్కి తెచ్చినాను. ఆడ ఒక్క గవ్వ కూడా ఏరలే. ఒక్క కాగితం కూడా పారేయలే."

"గడప దాటొద్దు, ఆడే నిలబడు," అంది భువన.

పక్కింటి మంజులమ్మ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ ఉంది. "ఏమమ్మా భువనా, పోలేకపోతినే అని మనసులో ఏమీ లేదు కదా?" అంది నవ్వుతూ.

"నాకేల ఉంటుంది మంజులక్కా?"

కుడికి తిప్పితే దిష్టి దిగుతుంది, ఎడమకి తిప్పితే దిగింది కూడా మళ్ళీ ఎక్కుతుంది. ప్రేమ తల చుట్టూ కుడి పక్కకి మూడు తూర్లు తిప్పుతూ భువన మొదలుపెట్టింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, వాడ దిష్టి..."

తరువాత అనవలసింది 'నా దిష్టి'. దిష్టి తీసే చెయ్యి ఎవరిదైనా, కన్నతల్లిదైనా, ఆ మాట అనే తీరాలి. భువన నాలుక ఆడ నిలిచిపోయింది. మంజులమ్మ చూస్తూ ఉంది. అంటే ఒప్పుకున్నట్టు కాదూ? నాకేం కుళ్ళా?

"...అందరి దిష్టీ పోవాల, థూ థూ థూ," అని దాటేసింది.

పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేస్తే మిరపకాయల ఘాటుకు వీధి వీధంతా దగ్గింది.

"ఇంత ఘాటు వచ్చిందంటే దిష్టే లేదు పో," అని మంజులమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎన్ని కాల్చినా ఘాటు రాదు కదా. భువనకి బలే తృప్తి అయింది.

మూడో రోజుకి ప్రేమ మంచం పట్టింది.

జ్వరం. మలేరియా కాదన్నారు. రక్తంలో ఏమీ లేదన్నారు. కానీ గంజి తాగితే నిలవదు, కళ్ళు మూస్తే నిద్ర రాదు. గులాబీ కట్టలో అడుగున పడిన పువ్వు మాదిరిగా పూటపూటకీ వాడిపోతూ ఉంది. శనివారం పొద్దు గూకే వేళకి వాన పట్టుకుంది. ఏడు గంటలకి కరెంటు పోయింది. అప్పటికి ప్రేమకి కూర్చునే ఓపిక కూడా లేదు.

భువన కొవ్వొత్తి వెలిగించి, లోటాలో గంజి పోసుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. కడుపుమంట ఎక్కడికి పోయిందో తెలియదు. భయం మాత్రం ఉంది. ఈ పిల్ల ఇట్లాగే పోతే?

"ఇంకో లోటా కూడా తీసుకురా వదినా," అంది ప్రేమ మెల్లిగా.

"ఎవరికే?"

"ఆడ అలవాటైపోయినాది."

వాన రేకుల మీద పడుతూ ఉంది. కొవ్వొత్తి వణికింది.

"ఎవరితోనూ చెప్పలే," అంది ప్రేమ. "ఆడ నాకు వండిపెట్టేది ఇసాతు అని ఒక అవ్వ. మొదటి రోజే రెండు గిన్నెల్లో అన్నం పెట్టినాది. నేను ఒక్కదాన్నే అవ్వా అంటే నవ్వినాది. ఆమె మనవరాలికి ఇంగ్లీషు వస్తుంది. ఆ పాప చెప్పినాది... నీ వెనక నడిచే ఆమెకి ఆకలి కాదా అని అవ్వ అడుగుతా ఉందని."

భువన చేతిలో లోటా బరువెక్కింది.

"తెల్లారి ఇసకలో చూస్తే నా అడుగుల పక్కన ఇంకో వరస. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు."

భువన తన కాలు చీర కిందికి లాక్కుంది. చిన్నప్పుడు సొంతూరు అత్తిముగంలో తోటలో కొడవలి పడి తెగిన వేలు అది. ప్రేమ పక్కనే ఉంది ఆ పొద్దు.

"నాకు భయం కాలే వదినా. నువ్వే తోడొచ్చినావనుకున్నాను. సంతోషం కూడా అయింది. మాట్లాడేదాన్ని కూడా." ప్రేమ ఆగి ఊపిరి పీల్చుకుంది. "అవ్వనే ఒక రోజు చెయ్యి పట్టుకుని చెప్పినాది. నీ వెనక వచ్చే ఆమె సముద్రాన్ని చూడదు. కొండనీ చూడదు. వచ్చినప్పటి నుంచీ నిన్నే చూస్తా ఉండాది. రెప్ప వేయదు, అని."

భువన లోటా కింద పెట్టేసింది.

"నేను తిరిగి వచ్చే పొద్దు రెండు చెంబుల నీళ్ళు పోసి రెండు జతల కాళ్ళు కడిగినాది అవ్వ. ఈ ఊరికి తెచ్చిందేదీ ఈ ఊళ్ళో వదిలిపోకూడదు, దీన్నీ తీసుకుపో, అన్నాది. నేనేమో బిస్కెట్ కవరు కూడా వదలని మనిషిని." ప్రేమ పెదవులు నవ్వబోయి ఆగిపోయినాయి. "తీసుకొచ్చినాను వదినా."

అప్పుడు వాసన వచ్చింది.

మొదట వాన వాసనే అనుకుంది భువన. కాదు. పచ్చి చేప... తడిసిన తాడు... ఉప్పు. కొండల మీది హోసూరు. సముద్రం ఎన్ని గంటల దూరమో! గదిలో ఒక మూల గాలి లోపలికి పోతూ, బయటికి వస్తూ ఉంది. స్స్... అని పోతుంది. హా... అని వస్తుంది. అల లాగా. ఊపిరి లాగా.

భువన ఫోను వెలుగు నేల మీద వేసింది.

గడప నుంచి మంచం దాకా తడి అడుగులు. ఎడమ కాలికి నాలుగే వేళ్ళు. మంచం తలాపున వచ్చి నిలిచినాయి. వెనక్కి పోయిన అడుగులు లేవు.

ఫోను ఇంకొంచెం పైకి ఎత్తితే తెలిసిపోతుంది. ఎత్తలేదు. చెయ్యి రాలేదు.

"అవ్వ... ఏమన్నా దారి చెప్పిందా?" గుసగుసగా అడిగింది.

"ఎవరి కన్ను వాళ్ళే నాదని ఒప్పుకోవాల, అన్నాది." ప్రేమ కళ్ళు మూసుకుంది. "నీకెట్లా చెప్పేది వదినా? నువ్వు నొచ్చుకుంటావని..."

ఛీ, అనుకుంది భువన. జ్వరంలో మాడిపోతూ కూడా ఈ పిల్ల తన మనసు నొప్పించకూడదని చూస్తూ ఉంది. తనేమో గోడ మీద మంజులమ్మకి భయపడి ఒక్క మాట మింగేసింది.

"నాకు కుళ్ళే," అంది. గట్టిగానే అంది. "నువ్వు పోయినప్పటి నుంచీ కుళ్ళే. నువ్వు నవ్వితే కుళ్ళు. నువ్వు ఒక్కదానివే నవ్వుతుంటే ఇంకా కుళ్ళు. సగం మునిగి, భయపడి, తిరిగి వచ్చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. చాలా?"

ఊపిరి ఆగింది. మూలలో. ఒక్కసారిగా.

భువన వంటింట్లోకి పోయి చేతికి అందినంత ఉప్పు, మిరపకాయలు గుప్పెట పట్టుకుని వచ్చింది. ప్రేమ తల చుట్టూ కుడి పక్కకి తిప్పింది. తలాపున చెయ్యి పోయినప్పుడల్లా మోచేతికి తడి బట్ట ఏదో తగిలింది. చల్లగా. తోటలో పూల పెట్టెల గది తలుపు తెరిచినంత చల్లగా. ఆగలేదు.

"ఇరుగు దిష్టి... పొరుగు దిష్టి... ఊరి దిష్టి... వాడ దిష్టి..."

ఈ తూరి మింగలేదు.

"నా దిష్టి. నా దిష్టి. నా దిష్టే. పోవాల. థూ... థూ... థూ..."

కొవ్వొత్తి ఆరింది.

వెనక్కి చూడకూడదు కదా. భువన చూడలేదు. గుప్పెట బిగించి, చీకట్లో గోడ తడుముకుంటూ పెరట్లోకి పోయింది. రేకు కింద నీళ్ళ పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. అంతా అందులో పోసేసింది. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడినాయి, ఎర్రబడినాయి, బూడిదైనాయి.

ఘాటు లేదు. ఒక్క దగ్గు రాలేదు. ఇంత కూడా రాలేదు.

ఇంత దిష్టా నాది, అని భువన పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వు వచ్చింది. కడుపులో ఇన్ని రోజులూ ఉన్న మంట ఇప్పుడు లేదు. ప్రేమ మళ్ళీ పోవాలి. ఇంకో సముద్రం చూడాలి. పంపించేటప్పుడు తనే బ్యాగు సర్దుతుంది. నిజంగానే అనుకుంది ఆ మాట. వాన కూడా తగ్గుముఖం పట్టింది. చేప వాసన పోయి మన్ను వాసన వస్తూ ఉంది.

లోపల ప్రేమ నవ్వింది. మూడు రోజుల తరువాత, మునుపటి నవ్వు.

భువన కళ్ళు తుడుచుకుంది. లేవబోయింది.

"చాలు వదినా," అంటూ ఉంది ప్రేమ గొంతు, చీకటి గదిలో నుంచి. "ఇంకెన్ని తూర్లు తిప్పుతావు? తల తిరుగుతా ఉండాది."

భువన పొయ్యి దగ్గరే ఉంది. చేతులు రెండూ ఖాళీ.

"సరేగానీ... ఈ తూరి ఏల ఎడమ పక్కకి తిప్పుతా ఉండావు?"

"గమ్మున ఉండవే," అంది భువన గొంతు, లోపల.

భువన నోరు తెరవలేదు.