కుండలో ఎవరున్నారు?

వేసవి సెలవులు, మిట్టమధ్యాహ్నం. నూకరత్నం కాలు ఒక్కచోట నిలవడం లేదు. అరుగు మీదికీ వీధిలోకీ పదిసార్లు తిరిగింది.

అది 1956. చోడవరం పక్కన చెరుకు తోటలో నాన్న పరదేశి గొయ్యి తవ్వుతుంటే మొన్న ఓ పాత కుండ బయటపడింది. దాన్ని చూడ్డానికి గణపతిరావు గారనే ఆఫీసరు వచ్చేరు. పాతకాలం మనుషుల సంగతులు తవ్వి తెలుసుకోవడం ఆయన ఉద్యోగం.

ఆఫీసరు చూస్తారు కదా అని రత్నం పొద్దున్నే ఓ ఘనకార్యం చేసింది. కుండలోని బూడిద, ముక్కలూ దొడ్లో పెంటకుప్ప మీద వొంపేసింది. కుండని చింతపండు పెట్టి తోమేసింది. మట్టికుండకి చింతపండేమిటో! ఇత్తడి చెంబనుకుంది కాబోలు.

గణపతిరావు గారు కుండలోకి తొంగి చూసేరు. "ఇందులో ఏమీ లేదా పాపా?"

"లేదండి. ఖాళీగానే దొరికింది." తిడతారేమోనని రత్నం నోటికొచ్చింది అనేసింది.

"అయ్యో! వేల ఏళ్ల కిందట ఎవరైనా పోతే కాల్చి, ఎముకలు ఏరి, ఇలాంటి కుండల్లో పెట్టి పాతేవారు. ఆ ముక్కలుంటే పోయింది పెద్దవాళ్లో పిల్లలో చెప్పొచ్చు."

అమ్మ చిన్నతల్లి హడలిపోయింది. "సచ్చిపోయినోల్ల కుండా! ఒసే, ఇంట్లోకెందుకు తెచ్చేవే? తలమీద నీల్లోసుకో, ఎల్లు!"

ఆఫీసరు నోటుబుక్కులో 'ఖాళీ కుండ' అని రాస్తున్నారు. రత్నం తొంగి చూసింది. అలా రాసేస్తే ఆ మనిషి అసలు లేనట్టే కదా! అవతల దొడ్లో నాన్న పెంటంతా బండికెత్తుతున్నాడు. కాసేపట్లో పొలానికి తోలేస్తాడు.

"నాన్నా, ఆగు!" రత్నం పరిగెత్తి కుప్పకి అడ్డంగా నిలబడింది. "కుండలోవి ఇక్కడే వొంపేసేను బాబూ! అబద్దమాడేను!" అని బావురుమంది.

వెనకే వచ్చిన గణపతిరావు గారు తిట్టలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, "జల్లెడుందా?" అన్నారు.

"సచ్చినోల్ల బూడిదకి నా పిండిజల్లెడా!" అని గొణుగుతూనే చిన్నతల్లి తెచ్చిచ్చింది.

సాయంత్రం దాకా జల్లించేరు. ఎండ, ఈగలు, కంపు! కాలిన ముక్కలు కొన్నే దొరికేయి. చివరికి శనగగింజంత పన్ను ఒకటి దొరికింది.

"ఇది ఇంకా చిగురులోంచి పైకి రాని పన్ను. చిన్నపిల్లదమ్మా. నీకంటే చిన్నది."

రత్నం ఆ పన్నుని అరచేతిలో పెట్టుకుని చూసింది. "మిగతా ముక్కలుంటే ఇంకేటి తెలిసేదండి?"

"ఏమో. అవి పోయాయిగా."

ఆయన పాత మాట కొట్టేసి, 'చిన్నపిల్ల ఎముకలు. కొన్నే ఉన్నాయి' అని రాసేరు. రత్నం కూడబలుక్కుని చదివింది.

"కొన్నే ఎందుకున్నాయో రాయలేదేటండి?"

"నీ పేరెందుకులే అని."

"రాయండి బాబూ. నూకరత్నం పారబోసింది అని రాయండి. లేపోతే ఆ పిల్ల ఎముకలు వాల్లమ్మే సగం ఏరి సగం వొదిలేసిందనుకుంతారు."

గణపతిరావు గారు కలం మూత మళ్లీ తీసి, ఆ మాట కూడా రాసేరు.