పడవలో రెండో మనిషి

పడవల కొట్టం తలుపు డెల్ఫీన్‌ను చూసి తెరుచుకుంది. ఆమె వెనకే కాలు పెట్టబోయిన మనవరాలు వాసెయా ముక్కు మీదికి వచ్చి మూసుకుంది. లోపల ముసలావిడ, బయట పిల్ల, మధ్యలో గాజు పలక. వాసెయా మణికట్టులో, చర్మం కింద, నారింజ రంగు వెలుతురు మిణుకుమంటోంది. నిన్నటిదాకా అది ఆకుపచ్చగా ఉండేది. నిన్నటితో ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాయి.

"అతిథికి స్వాగతం. పడవలు సభ్యులకు మాత్రమే" అంది తలుపు, కొత్తల్లుడితో మాట్లాడినంత మర్యాదగా.

ఆ మిణుకుమనేదాన్ని వంశదీపం అంటారు. బియ్యపు గింజంత ఉంటుంది. పుట్టిన వారంలోనే మణికట్టులో పెడతారు. నెత్తురు చదివి ఈ మనిషి ఎవరి సంతానం, ఏ గుమ్మం దాటవచ్చు, ఏది దాటకూడదు అన్నది అదే తేలుస్తుంది. బస్సుకూ బడికీ ఆస్పత్రికీ అడవికీ ఆ దీపాలను చూసే కళ్ళు ఉన్నాయి. సరస్సు చుట్టూ స్తంభాల మీద నిలబెట్టినవాటిని గట్టుకళ్ళు అంటారు. ఇవి వచ్చాక దేశంలో కాగితాలు చూపించమనేవాడు లేడు, చెయ్యి తడపమనేవాడు లేడు, మెడ పట్టుకుని లాక్కుపోయే అటవీ గార్డు అసలే లేడు. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. డెల్ఫీన్ తెగవాళ్ళు, అంటే ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వేలు, మరికాస్త గట్టిగా పీల్చుకున్నారు, వాళ్ళు పడ్డ పాట్లు అలాంటివి.

పెద్ద సరస్సుల పక్కనున్న ఈ అడవులన్నీ ఒకప్పుడు వాళ్ళవే. ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకున్నప్పుడు నేలను వదులుకున్నారు గానీ, దాని మీద వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు, నీళ్ళలో తనంతట తాను పండే మనోమిన్ అనే అడవివరి గింజ రాల్చుకునే హక్కు తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. ఎవరో దయతలచి ఇచ్చింది కాదది, ఇవ్వకుండా ఉంచుకున్నది. సంతకం పెట్టిన ప్రభుత్వానికి ఆ సంగతి ఎంతోకాలం గుర్తులేదు. డెల్ఫీన్ తండ్రి ఆంబ్రోజ్ ఈ సరస్సులోనే వరి రాలుస్తూ గార్డులకు దొరికాడు. పడవ లాక్కుని బేడీలు వేశారు. బయటికి వచ్చి మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ దొరికాడు. చివరికి ఒక జడ్జి ఆ పాత ఒడంబడికను తెప్పించి చదివి, వీళ్ళ హక్కు చెక్కుచెదరలేదని తీర్పు చెప్పాడు.

ఆ గెలుపును కాపాడుకోవడానికే తెగ మండలి గట్టుకళ్ళను కోరి తెచ్చుకుంది. బయటివాళ్ళు దొంగచాటుగా వరి రాల్చుకుపోవడం ఆగిపోయింది. అయితే అందుకోసం రాష్ట్రంతో రాసుకున్న రాజీలో, ఈ తెగ నెత్తురు పావు వంతు ఉన్నవాళ్ళే సభ్యులన్న మాట ఒకటుంది. పిల్లలు పద్దెనిమిదేళ్ళ దాకా పెద్దల హక్కు మీద నడుస్తారు, ఆ తర్వాత సొంత నెత్తురు మీద. అప్పట్లో అందరికీ పావు కన్నా ఎక్కువే ఉండేది గనుక ఎవరూ ఆ మాట దగ్గర ఆగలేదు.

వాసెయా తల్లి నదికి అవతలి ఒడ్డు ఓజిబ్వే. అదే భాష, అవే గోత్రాలు, అదే వరి. కానీ ఆ నది మధ్యలో రెండు దేశాల సరిహద్దు ఉంది. దాన్ని గీసినవాళ్ళలో ఓజిబ్వే ఒక్కడూ లేడు. అయినా తల్లి నెత్తురు దీపానికి పరాయిదైంది. తండ్రి వైపు నుంచి వచ్చింది పావుకు తగ్గింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక ఆ పిల్లను పెంచింది డెల్ఫీనే. భాషలో నాయనమ్మ తడబడ్డ చోటల్లా మాట అందించేది ఆ పిల్లే. ఇప్పుడు ఉన్నట్టుండి అతిథి అయింది.

డెల్ఫీన్ తిన్నగా తమ్ముడు రేమండ్ ఇంటికి వెళ్ళింది. అతను వకీలు, మండలి సభ్యుడు కూడా. పిల్లను సభ్యురాలిగా రాసుకోమని అడిగితే, రాజీలో ఒక్క అక్షరం కదిలించినా రాష్ట్రం మొత్తం రాజీనే తిరగదోడుతుందన్నాడు. మనవాళ్ళెవరో మనం తేల్చుకోలేకపోతే ఇదేం స్వపరిపాలన అని ఆమె నిలదీసింది. రేమండ్ కాఫీ కలపడానికి లేచాడు. కోర్టుకు పోదామంటే అక్కడా చిక్కే. గుమ్మం ముందు ఆగి వెనుదిరిగినవాడి ఫిర్యాదును కోర్టు తీసుకోదు. హద్దు దాటిన తప్పు కళ్ళు నమోదు చేయాలి. అప్పుడే ఆ హద్దు న్యాయమా కాదా అన్న విచారణ మొదలవుతుంది.

"అయితే దాటుతాం. నాన్న గెలిచింది ఎట్లా? పట్టుబడే కదా" అంది డెల్ఫీన్.

"పిల్లను జైల్లో పెడితే?"

"పక్కన నేనూ ఉంటాను."

రేమండ్ నమోదు కాగానే కేసు వేసే పూచీ తనదన్నాడు.

మర్నాడు పొద్దున్నే డెల్ఫీన్ రంగురంగుల రిబ్బన్లు కుట్టిన పండగ లంగా కట్టుకుంది. జైలుకు వెళ్ళడానికి ఇంత సింగారం దేనికని వాసెయా నవ్వింది. ఇంటి వెనకున్న సొంత పడవను ఇద్దరూ నీళ్ళలోకి తోశారు. ముందు వాసెయా చిటికెడు పొగాకు నీళ్ళ మీద చల్లి, ఈ ఏటి గింజ తీసుకోవడానికి వచ్చామని తమ భాషలో సరస్సుకు విన్నవించుకుంది. కళ్ళు చెమర్చిన నాయనమ్మ గడ సరిచూసుకుంటున్నట్టు తల తిప్పుకుంది.

గట్టుకళ్ళ వరస దాటగానే వాసెయా మణికట్టులోని నారింజ వెలుతురు ఆరిపోయింది. అతిథి దీపం లోపలి నీళ్ళలో వెలగదు. దేశంలో ఎవరికైనా దీపం ఆరిందంటే అక్కడితో వెనక్కి తిరిగిపోతారు, అంతకు మించి ఒక్క అడుగు కూడా ఎవరూ వేయరు. వాసెయా ఆ చీకటి మణికట్టును ఒకసారి తడుముకుని, దేవదారు కర్రలు అందుకుంది.

అడవివరి రాల్చాలంటే ఇద్దరుండాలి. నిలబడి గడ వేసేవాళ్ళు ఒకరు, కూర్చుని రాల్చేవాళ్ళు ఒకరు. వాసెయా ఒక కర్రతో వెన్నులను పడవ మీదికి వంచి, రెండో కర్రతో మెల్లగా తట్టింది. పండినవి పడవలో రాలాయి, పండనివి వెన్నునే ఉండిపోయాయి. ఆ పిల్ల ఏనాడూ ఒక్క కాడ విరిచింది లేదు. డెల్ఫీన్ కావాలనే ప్రతి స్తంభం ముందు నుంచీ పడవను పోనిచ్చింది. మధ్యాహ్నానికి పడవ సగానికి పైగా నిండింది, ఇద్దరూ భయం మరిచిపోయి కబుర్లలో పడ్డారు. చనిపోయిన కొడుకు చిన్నప్పుడు వరిపురుగు కుట్టి నీళ్ళలోకి దూకేసిన సంగతి చెబుతూ డెల్ఫీన్ పడిపడి నవ్వింది.

తర్వాత గట్టుకు వచ్చి, వరిని పడవలోనే ఉంచి, తమను పట్టుకుపోయేవాళ్ళ కోసం కూర్చున్నారు. రేమండ్ కూడా వచ్చి కూర్చున్నాడు. జడ్జి ముందు ఏం చెప్పాలో డెల్ఫీన్ లోలోపల వల్లె వేసుకుంది. ఈ పిల్ల మా భాషలో మొక్కుతుంది, మా చేతుల్లో పెరిగింది, ఇంకేం చూస్తారు అని అడగాలనుకుంది. పొద్దు వాలింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. వీళ్ళ కోసం మాత్రం ఒక్కరూ రాలేదు.

ఓపిక నశించి డెల్ఫీన్ దగ్గరున్న స్తంభం ముందుకు వెళ్ళి నిలబడింది.

"శుభసాయంత్రం డెల్ఫీన్ గారూ. ఈ రోజు మీ దిగుబడి బాగుంది" అంది గట్టుకన్ను.

"దిగుబడి నాది కాదు, నా మనవరాలిది. అతిథి సభ్యుల నీళ్ళలో దిగి వరి రాల్చింది. నేనే తీసుకెళ్ళాను. తప్పు నమోదు చెయ్యి."

"పడవలో మీరొక్కరే ఉన్నారు."

"నా ఎదురుగా కూర్చుంది. పొద్దుటి నుంచీ."

"పడవలో ఒక దీపం ఉంది. రెండో మనిషి లేరు. మీరు ఏ తప్పూ చేయలేదు."

రేమండ్ నెత్తిన చెయ్యి పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఆ కళ్ళు మనుషులను చూడవు, దీపాలను లెక్కపెడతాయి. ఆరిన దీపంతో ముందుకు పోయే మనిషి ఉంటారని వాటిని చేసినవాళ్ళకు తోచలేదు, కోరి తెచ్చుకున్నవాళ్ళకూ తోచలేదు. తప్పు లేదు గనుక కేసు లేదు. ఇవాళే కాదు, రేపైనా, ఎన్నిసార్లు దాటినా ఇంతే. ఆంబ్రోజ్‌కు బేడీలు వేసిన గార్డు ఎంత దుర్మార్గుడైనా, పడవలో ఒక మనిషి ఉన్నాడని ఒప్పుకున్నాడు.

డెల్ఫీన్ రెండు చేతులూ జోడించి, బేడీలకు అందించినట్టు స్తంభం ముందు చాచింది. పట్టుకోమని అడిగింది. తర్వాత బతిమాలింది. గట్టుకన్ను ఆమెకు మరోసారి శుభసాయంత్రం చెప్పింది.

వాసెయా వచ్చి ఆ చేతులను మెల్లగా కిందికి దించింది.

"ఊరుకో నోకో" అంది. నోకో అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ. "జైల్లో పెడతారేమోనని రాత్రంతా భయంతో నిద్ర పట్టలేదు నాకు. పెడితే ఎంత బాగుండేది."

పట్టుకుపోవడానికి వచ్చేవాళ్ళకు చెప్పాల్సినవీ, జడ్జికి చెప్పాల్సినవీ డెల్ఫీన్ దగ్గర ఎన్నో మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఈ పిల్లకు చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు. మనవరాలిని గుండెకు అదుముకుని, తమ్ముడు చూస్తున్నాడని కూడా లేకుండా బావురుమంది.