గంగలో కలపని పటం

పొద్దున్నే రంగుల చిప్పలు కడుక్కుంటున్న ఈశ్వరయ్యకు పోస్టుమ్యాన్ ఒక ఉత్తరమూ, పెద్ద కట్టా ఇచ్చిపోయాడు. నాగపూర్‌లో బొమ్మలమ్మే అనంతరావు సేటు దగ్గర్నుంచి. ఈశ్వరయ్యకు మరాఠీ ముక్క రాదు. చెప్పింది రాసేదీ, వచ్చింది చదివి వినిపించేదీ కూతురు సారక్కే. ఆ పిల్లేమో నీళ్లకు పోయింది. వచ్చేదాకా ఆగొచ్చు కదా, ఆగితే ఈశ్వరయ్య ఎందుకవుతాడు?

ఎదురుగా లచ్చయ్య ఉండనే ఉన్నాడు. రాజురా పల్లెల్లో బొమ్మల పటం విప్పి కథ చెప్పే మనిషి. ఆ పల్లెలు హైదరాబాదు రాజ్యం వదిలి బొంబాయి రాజ్యంలో కలిసిన ఈ రెండేళ్లలో నాలుగు మరాఠీ అక్షరాలు పట్టాడు. తాతనాటి పటం చిరిగిపోతే ఈశ్వరయ్యకు అప్పగించి, కొత్తది వేయమన్నాడు. చిరిగినదాన్ని పూజ చేసి గంగలో, అంటే ఏటి నీళ్లలో కలిపాకే కొత్తదానికి రంగు పెట్టాలి. ఈశ్వరయ్యకు మోకాళ్లు పట్టేశాక ఆ పనికి ఇరై నదికి పోయేదీ సారక్కే.

“చదువు లచ్చయ్యా. నా చెయ్యంటే సేటుకు మస్తు ఇష్టం,” అన్నాడు ఈశ్వరయ్య మీసం దువ్వుకుంటూ.

లచ్చయ్య కూడబలుక్కున్నాడు. “మీ కొత్త పటాలు ఒక్కటి గూడ అమ్ముడు పోలేదట. పదకొండూ వాపస్ పంపిండట.” తర్వాతి వరుస రెండుసార్లు చదివాడు. “పాతదానికి అరవై రూపాయలు ఇచ్చిండట. అసుంటిది ఇంకోటుంటే పంపుమంటుండు. ఏ పాతది అన్నా?”

బిందెతో గుమ్మంలోకి వచ్చిన సారక్క ఆ కట్టను చూసి నిలబడిపోయింది.

“మా తాత పటం గంగల కలిపినవా, అమ్మినవా బిడ్డా?”

“అమ్మిన కాకా.”

ఈశ్వరయ్య చెయ్యెత్తాడు. “అడుక్క తిందుము గదనే. గిదేం పని?”

“సేటు మొదటి చిట్టిలనే నీ బొమ్మలు అమ్ముడు పోతలేవన్నడు బాపు. అమ్మ పోయినప్పుడు కుంచె ఇరగ్గొడతనన్నవ్. నీకెట్ల చెప్పాలె? పక్కింట్ల కూసోని బీడీలు చుట్టిన. గా పైసలే సేటు పంపిండని నీ చేతుల పెట్టిన. వానకాలం బీడీ పని బంద్ అయింది. ఇగ ఏం తోచలే.”

ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. సేటు మెచ్చాడని తాముండే తుకుం బజారంతా చెప్పుకు తిరిగాడు పాపం.

“కాయిదం తే. సేటుకు రాయి. అరవై కట్టే తాహతు లేదు. దుకాన్ బోర్డులు, సబ్బుడబ్బాల మీది బొమ్మలు, ఏది ఎయ్యమంటే అది ఏస్త. ఒక్క పైస ఇయ్యొద్దు. గా పటం మాత్రం వాపస్ పంపున్రి.”

బోర్డులు రాయమన్నవాణ్ని గడప తొక్కనివ్వని మనిషి. సారక్క కలం ఆగింది.

“గట్ల రాయొద్దు బాపు.”

“రాయి బిడ్డా. తప్పు నా ఇంట్ల జరిగింది.”

రాయడం అయ్యేదాకా కూర్చుని లచ్చయ్య లేచాడు. “పటం వస్తే కబురంపు. గంగకు నేను గూడ వస్త. కొత్తది మాత్రం ఇగ నీ తాన ఏయించుకోనన్నా. నా మనసు ఒప్పుతలేదు.”

ఈశ్వరయ్య ఆపలేదు. ఏ ముఖం పెట్టుకుని ఆపుతాడు?

సారక్క ఉత్తరం మడుస్తోంది. ఈశ్వరయ్య ఆ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. వేళ్లు ఆకు మరకలతో నల్లబడ్డాయి, బొటనవేలు మీద కత్తెర గాట్లు. ఆవగింజంత రంగు తేడా వస్తే పసిగట్టే కళ్లు, రెండేళ్లుగా అన్నం పెడుతున్న చేతిని చూడలేదు.

“నేనేం బొమ్మలేస్తున్ననే,” అన్నాడు. ఆ అరచేతిలోనే ముఖం పెట్టుకుని ఏడ్చాడు.